ఆసుపత్రిలో ఉండగానే పక్షవాతం: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత నెల ఇదే శీర్షికలో పక్షవాతం లక్షణాల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఒక సంగతి పదేపదే కనిపించింది. ఇంట్లో ఉన్నవాళ్లకి కాదు, వేరే ఏదో జబ్బుతోనో ఆపరేషన్ కోసమో ఆసుపత్రిలో చేరినవాళ్లకి అక్కడ మంచం మీద ఉండగానే స్ట్రోక్ రావడం. దీని గురించి మన పత్రికల్లో వచ్చేది చాలా తక్కువ. అందుకే ఈసారి జాగా అంతా ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను. ఎవరి పేర్లూ, ఆసుపత్రుల పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకురాలు): మా నాన్నగారికి 71 ఏళ్లు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. బాగా జరిగిందన్నారు. మర్నాడు పొద్దున్నే అమ్మ పలకరిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. సిస్టర్‌ని అడిగితే మత్తు ఇంకా దిగలేదమ్మా, సాయంత్రానికి సర్దుకుంటుంది అంది. మధ్యాహ్నం ఇడ్లీ పెడితే నోట్లోంచి ఒక పక్కకి జారిపోయింది, ఎడమ చెయ్యి దుప్పటి కిందనుంచి తియ్యలేదు. నీరసం అనుకున్నాం. రాత్రి రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు చూసి స్కాన్ తీయించారు, మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందట, ఇంజెక్షన్‌కి టైం దాటిపోయిందట. అంతమంది డాక్టర్లు, నర్సులు చుట్టూ ఉండగా పక్షవాతం ఎలా వస్తుందండీ? ఇది వాళ్ల తప్పా, మా ఖర్మా?

జవాబు: ఖర్మ కాదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. మీరు, మీ అమ్మగారు గమనించాల్సినవన్నీ గమనించారు, అడగాల్సిన మనిషిని అడిగారు కూడా.

ఆసుపత్రిలో ఉండగా స్ట్రోక్ రావడం మనం అనుకునేంత అరుదు కాదు. వేర్వేరు దేశాల్లో వేర్వేరు ఆసుపత్రుల లెక్కలు చూస్తే, మొత్తం స్ట్రోకుల్లో నూటికి 2 నుంచి 17 దాకా అప్పటికే వేరే కారణంతో ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి వచ్చినవే. ఒక్క అమెరికాలోనే ఏటా 35 వేల నుంచి 75 వేల మందికి ఇలా జరుగుతుందని అంచనా. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నూటికి ఒకరిద్దరికి వస్తుంది, బైపాస్‌తో పాటు వాల్వు కూడా మారిస్తే ఇంకా ఎక్కువ. గుండె, మెదడు, మెడ రక్తనాళాలు కాకుండా మిగతా ఆపరేషన్లలో ఇది బాగా తక్కువే, చాలా లెక్కల్లో నూటికి ఒకటి కంటే తక్కువ, కానీ వయసు మళ్లినవాళ్లు, అప్పటికే బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్ల దగ్గర ఆ అంకె పెరుగుతుంది. ఇవి పైకి కనిపించే స్ట్రోకుల సంగతి. 2019లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 65 ఏళ్లు దాటి, గుండెకి సంబంధం లేని ఆపరేషన్ చేయించుకున్న 1114 మందికి ఆ తర్వాత ఎంఆర్ఐ తీసి చూస్తే నూటికి ఏడుగురి మెదడులో ఎవరికీ తెలియకుండా వచ్చి పోయిన చిన్న స్ట్రోకులు కనిపించాయి. ఏడాది తర్వాత చూస్తే వాళ్లలో మతిమరుపు, ఆలోచనలో మందగింపు మిగతావాళ్లకన్నా ఎక్కువగా ఉంది. ఆపరేషన్ అయినప్పట్నుంచి పెద్దాయన ఎందుకో మారిపోయాడండీ అని ఇళ్లల్లో అనుకోవడం వింటూంటాం, అలాంటి కొందరి విషయంలో అసలు సంగతి ఇదే కావచ్చు.

ఇక ఎలా వస్తుంది అన్నది. పెద్ద గాయమైనా, ఆపరేషన్ అయినా, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ అయినా ఒంట్లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, గాయం మానడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. దానికి తోడు ఆపరేషన్ ముందు రాత్రంతా నోటికి ఏమీ ఇవ్వరు, ఒంట్లో నీరు తగ్గుతుంది. మత్తులో బీపీ పడిపోవచ్చు. రోజూ వేసుకునే రక్తం పలచబరిచే మాత్రలు ఆపి ఉంటారు. నొప్పి, రక్తహీనత, జ్వరం, ఒంట్లో లవణాల తేడా, వీటివల్ల కొందరికి గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. దీన్ని డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు, అది ఉంటే గుండె పైగదుల్లో రక్తం నిలిచి గడ్డలు తయారై మెదడుకి చేరతాయి. గుండె ఆపరేషన్ల తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరికి ఈ లయ తప్పడం కొన్నాళ్లపాటు కనిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన విషయం, ఆపరేషన్ స్ట్రోకుల్లో ఎక్కువ భాగం టేబుల్ మీద జరిగేవి కావు, తర్వాతి రోజుల్లో వార్డులో వచ్చేవి. ఆపరేషన్ సక్సెస్ అన్నారు కదా అని మనం ఊపిరి పీల్చుకునే రోజులవి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, తప్పెవరిది. స్ట్రోక్ రావడం చాలాసార్లు ఎవరి తప్పూ కాదు, అన్ని జాగ్రత్తలు తీసుకున్నా వస్తుంది. కానీ పొద్దున కనిపించిన లక్షణానికి రాత్రి స్కాన్ తీయడం సరైన వైద్యం కాదు, ఇది నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. బాధాకరమైన సంగతేంటంటే ఇది మన దగ్గరే కాదు, అన్ని చోట్లా ఉన్న సమస్య. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆసుపత్రుల రికార్డులు తిరగేసి 2015లో ఒక నివేదిక ప్రచురించారు. బయటనుంచి స్ట్రోక్‌తో వచ్చినవాళ్లకి లక్షణం గుర్తించాక స్కాన్ అవడానికి గంటా పదిహేను నిమిషాలు పడితే, అప్పటికే వార్డులో పడుకుని ఉన్నవాళ్లకి నాలుగున్నర గంటలు పట్టింది. స్కాన్ గది అదే బిల్డింగులో ఉంది! క్యాజువాల్టీకి మూతి వంకరపోయి వచ్చిన మనిషిని చూడగానే అందరికీ పక్షవాతమే గుర్తొస్తుంది, ఎముకల వార్డులో అదే మనిషి మంచం మీద ఉంటే మత్తు, నిద్రమాత్ర, నీరసం, కట్టు నొప్పి, ముసలితనం ఇవన్నీ గుర్తొచ్చాక గానీ స్ట్రోక్ గుర్తురాదు. పైగా రాత్రిపూట ఒక్క సిస్టర్ వార్డంతా చూసుకోవాలి, ఆమెని ఒక్కర్తినే నిందించి లాభం లేదు.

ఇంజెక్షన్ గురించి కూడా చెప్పాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అయితే పెద్ద ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో ఆ గాయం దగ్గర రక్తస్రావం అయ్యే ప్రమాదం వల్ల మామూలుగా ఇవ్వరు, కాబట్టి పొద్దునే చూసినా మీ నాన్నగారికి అది ఇచ్చి ఉండకపోవచ్చు. కానీ తొడ లేదా మణికట్టు దగ్గర నాళం గుండా సన్నటి గొట్టం పంపి గడ్డని బయటికి లాగే పద్ధతి ఒకటుంది, పెద్ద నాళం మూసుకుపోయిన వాళ్లలో తగినవాళ్లకి దీన్ని 24 గంటల వరకూ చేయవచ్చు, ఆపరేషన్ అయినవాళ్లకి కూడా. ఆ సౌకర్యం ఉన్న చోటికి పంపే ఆలోచన చేశారా అని అడిగే హక్కు మీకుంది. కేస్ షీట్ కాపీ రాతపూర్వకంగా అడగండి, 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. పోట్లాటకే కాదు, తర్వాత చూసే న్యూరాలజిస్టుకి కూడా అది కావాలి. ఇప్పుడు ముందు చూడాల్సింది మాత్రం, నాన్నగారి గుండె లయ పరీక్ష చేశారా, ఒక్క ఈసీజీతో సరిపెట్టకుండా గుండె లయని 24 గంటలూ రికార్డు చేసే హోల్టర్ మిషన్ పెట్టారా, మింగడం పరీక్షించారా, ఫిజియోథెరపీ మొదలైందా అన్నవి. మొదటి మూడు నెలల్లోనే కోలుకోవడం ఎక్కువగా ఉంటుంది, ఈ రోజులు పోగొట్టుకోకండి.

ప్రశ్న (కరీంనగర్): అమ్మకి గుండె దడ ఉందని రక్తం పలచబడే మాత్రలు ఇచ్చారు. వచ్చే నెల మోకాలి చిప్ప మార్పిడి. పక్కింటివాళ్లు ఆ మాత్ర ఇప్పట్నుంచే ఆపేయమంటున్నారు, లేకపోతే రక్తం ఆగదట.

జవాబు: ఆపకండి. పక్కింటివాళ్ల మాట మీద ఒక్క పూట కూడా ఆపకండి. గుండె లయ తప్పినవాళ్లకి స్ట్రోక్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఐదు రెట్లు, ఆ మాత్ర దాన్ని మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. దాన్ని నెల ముందే ఆపేస్తే అమ్మగారు ఆపరేషన్ దాకా కూడా రాకముందే మంచం పట్టవచ్చు.

ఆపాలా వద్దా, ఆపితే ఎన్ని రోజులు అనేది గుండె డాక్టరు, ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు ముగ్గురూ కలిసి తేల్చాలి. మోకాలి మార్పిడికి సాధారణంగా కొద్ది రోజులు ఆపుతారు. పాతకాలం వార్ఫరిన్ అయితే ఐదు రోజుల ముందు, అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మాత్రలైతే ఆపరేషన్ పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ఒకటి రెండు రోజుల ముందు, కిడ్నీ పనితీరు తక్కువగా ఉంటే ఇంకాస్త ముందు. మన దగ్గర చాలామంది వాడే ఎసిట్రోమ్‌కి, అదీ వార్ఫరిన్ జాతి మాత్రే, లెక్క మళ్లీ వేరు. కంటి శుక్లం ఆపరేషన్‌కి, మామూలుగా పన్ను పీకించుకోవడానికి చాలాసార్లు అసలు ఆపక్కర్లేదు, అయినా పన్ను డాక్టరు దగ్గరికి వెళ్తూ వారం ముందే ఆపేసి వచ్చేవాళ్లు ఎంతమందో.

ఆపడం కంటే నాకు టెన్షన్ ఎక్కువ కలిగించేది మళ్లీ మొదలుపెట్టకపోవడం. ఆపమని అందరూ చెప్తారు, ఏ తారీఖున మళ్లీ వేసుకోవాలో డిశ్చార్జి కాగితంలో ఎవరూ రాయరు, ఇంటికెళ్లాక ఆ మాత్ర డబ్బాలోనే ఉండిపోతుంది. కాబట్టి ఇంటికి బయల్దేరే ముందే తారీఖు రాయించుకోండి, నోటిమాట సరిపోదు. ఎసిట్రోమో వార్ఫరినో అయితే రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఎప్పుడో కూడా రాయించండి. ఆ మాత్రలు వాడేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు, గోంగూర, తోటకూర తినండి, కాకపోతే ఒక వారం రోజూ తిని ఇంకో వారం అసలు ముట్టకపోవడం లాంటిది చెయ్యొద్దు, మోతాదు తారుమారవుతుంది. ఇంట్లో వాడే మందులన్నీ, హోమియో, ఆయుర్వేదం సహా, ఒక సంచిలో వేసుకెళ్లి ఆసుపత్రిలో చేరిన రోజే చూపించండి.

ప్రశ్న (విశాఖపట్నం, కొడుకు): నాన్న న్యుమోనియాతో చేరారు, రాత్రుళ్లు ఆయన దగ్గర నేనే ఉంటున్నాను. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. స్ట్రోక్ వస్తే నాలాంటివాడికి ఎలా తెలుస్తుంది? మనం చెప్తే వాళ్లు వింటారా?

జవాబు: తెలుస్తుంది. ఆసుపత్రిలో అందరికంటే ముందు తెలిసేది మీకే, ఎందుకంటే నిన్న ఆయన ఎలా మాట్లాడారో తెలిసిన మనిషి ఆ గదిలో మీరొక్కరే. డ్యూటీ మారి వచ్చిన డాక్టరుకి ఆయన గొంతు ఎప్పుడూ ఇంతేనేమో అనిపిస్తుంది, మీకు అనిపించదు.

పడుకునే ముందు, లేచాక, మధ్యలో మందులకి లేపినప్పుడు మాట కలపండి. నవ్వమనండి, మూతి ఒక పక్కకి లాగుతోందా చూడండి. రెండు చేతులూ ఎదురుగా చాపి కళ్లు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచమనండి, ఒకటి కిందకి వాలిపోతోందా? సెలైన్ ఉన్న చెయ్యి కొంచెం బరువుగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోండి. ఒక మామూలు వాక్యం తిరిగి చెప్పమనండి, మాట నత్తినత్తిగా రావడమే కాదు, మీరన్నది అర్థం కాక వేరే ఏదో చెప్పడం కూడా లక్షణమే. చూపు ఒక పక్క పోవడం, రెండుగా కనిపించడం, మంచం మీద లేచి కూర్చుంటే ఒక పక్కకి ఒరిగిపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి రావడం కూడా గమనించాలి. కట్టుడు పళ్లు తీసేస్తే కొందరి మాట మారుతుంది, చెవి మిషన్ లేకపోతే జవాబు రాదు, అవి పెట్టి చూశాకే భయపడండి.

తేడా కనిపిస్తే మొదట ఫోన్లో టైం చూసి రాసుకోండి. రెండు టైములు కావాలి. లక్షణం మీరు చూసిన టైం ఒకటి, చివరిసారిగా ఆయన మామూలుగా ఉండగా చూసిన టైం ఇంకొకటి. రెండోదే అసలైనది, డాక్టర్లు వైద్యానికి గడియారం అక్కడినుంచే లెక్కవేస్తారు. రాత్రి పదికి బాగానే ఉన్నాడు, ఉదయం ఆరుకి చూస్తే చెయ్యి పడిపోయింది అంటే ఎనిమిది గంటలు పోయినట్టే లెక్క. మధ్యలో రెండింటికి మంచినీళ్లు అడిగి తాగి బాగానే మాట్లాడాడని మీరు చెప్పగలిగితే ఆయనకి ఆ నాలుగు గంటలూ మిగిలినట్టే.

ఇక వింటారా అన్నది. నాన్న ఎలాగో ఉన్నాడండీ అంటే వినరు, రోజుకి ఆ మాట ఎన్నో మంచాల దగ్గర వింటారు. "పన్నెండింటికి బాగున్నారు, ఇప్పుడు కుడిచెయ్యి లేవడం లేదు, మాట తేడాగా ఉంది, స్ట్రోక్ అనుమానం, డ్యూటీ డాక్టర్‌ని ఇప్పుడే పిలవండి" అని చెప్పండి. స్ట్రోక్ అన్న మాట మీ నోటినుంచి రావాలి. పెద్ద ఆసుపత్రుల్లో కొన్నింటిలో కోడ్ స్ట్రోక్ అని ఒక పద్ధతి ఉంటుంది, ఒక్క ఫోన్‌తో న్యూరో టీమ్ వార్డుకే వస్తుంది, అది ఉందా అని చేరిన రోజే అడిగి తెలుసుకోండి. లేకపోయినా వెంటనే వేలికి పొడిచి షుగర్ చూడాలి, ఆ వెంటనే తలకి సీటీ స్కాన్. షుగర్ ఎందుకంటే ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే చెయ్యి పడిపోయి మాట పోతుంది, గ్లూకోజ్ ఎక్కిస్తే నిమిషాల్లో తిరిగొస్తుంది. వార్డుల్లో స్ట్రోక్ అని పిలిచిన కేసుల్లో చాలావాటికి చివరికి వేరే కారణం తేలుతుంది, ఇన్‌ఫెక్షన్‌లో మతి తప్పడం, ఫిట్స్, నిద్రమందులు ఇలాంటివి. అలా తేలినా మీరు పిలిచింది తప్పు కాదు, ఎవరన్నా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పెద్ద నాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి.

డాక్టరు వచ్చేలోగా నోట్లో ఏమీ వెయ్యకండి, మంచినీళ్లు కూడా. మింగే కండరాలు దెబ్బతిని ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా ఉన్నాయనకి అది మరీ ప్రమాదం. ఆస్పిరిన్ వెయ్యొద్దు. అది నాళం మూసుకుపోయిన రకానికి మందు, నాళం చిట్లిన రకానికి విషం, స్కాన్ చూడందే ఎవరూ చెప్పలేరు. బీపీ ఎక్కువుంది కదా అని నాలుక కింద మాత్ర పెట్టమని మీరు పట్టుబట్టకండి, గడ్డ అడ్డుపడ్డ స్ట్రోక్‌లో మెదడు బతకడానికే ఆ బీపీ పెరుగుతుంది, దాన్ని ఒక్కసారిగా దించితే నష్టం ఎక్కువ. ఎంత దించాలో స్కాన్ చూశాక వాళ్లు నిర్ణయిస్తారు.

ప్రశ్న (ఒంగోలు దగ్గర పల్లె, ఒక తల్లి): మా అమ్మాయికి కాన్పయి పన్నెండు రోజులు. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదని వాళ్ల అత్తగారు రోజుకి రెండు గ్లాసులే ఇస్తోంది. మూడు రోజుల్నుంచి తలనొప్పి అంటోంది, రాత్రి వాంతి చేసుకుంది. పచ్చిబాలింతకి ఇవన్నీ మామూలేనా?

జవాబు: మామూలు కాదమ్మా. ఈ ఉత్తరం చూడగానే ఫోన్ చేయించాను, ఈపాటికి ఆసుపత్రిలో చూపించి ఉంటారు. మిగతా తల్లులు చదవాలని ఇక్కడ రాస్తున్నాను.

కాన్పు తర్వాత ఆరు వారాలు ఆడవాళ్ల రక్తం గడ్డకట్టే గుణం బాగా పెరిగి ఉంటుంది. అప్పుడు నీళ్లు కట్టేస్తే రక్తం ఇంకా చిక్కబడుతుంది, మెదడునుంచి చెడు రక్తం తిరిగి తీసుకెళ్లే సిరల్లో గడ్డ కట్టవచ్చు. మనదేశంలో చిన్న వయసులో వచ్చే స్ట్రోకుల్లో దీనికి పెద్ద పాత్ర ఉంది. తలనొప్పితో మొదలై రోజురోజుకీ పెరుగుతుంది, వాంతులు, చూపు మసక, తర్వాత ఫిట్స్, కాలూ చెయ్యీ పడిపోవడం. గాలి సోకిందని, దిష్టి అని తాయెత్తు కట్టించి రెండు రోజులు పోగొట్టుకుంటారు. తెలిసిపోతే దీనికి మంచి వైద్యం ఉంది, ఎంఆర్ఐలో సిరల్ని చూసే పరీక్ష చేసి, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్ మొదలుపెడితే చాలామంది పూర్తిగా కోలుకుని బిడ్డని ఎత్తుకుని ఇంటికి వెళ్తారు.

కాన్పు తర్వాత బీపీ పెరిగినా ఇవే లక్షణాలు వస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్లకి కూడా కాన్పయ్యాక మొదటి వారాల్లో రావచ్చు, కాబట్టి తలనొప్పి అన్న బాలింతకి ముందు బీపీ చూడాలి. అత్తగారి మీద కోపం పెట్టుకోకండి, ఆమెకి ఆమె అత్తగారు చెప్పిన పథ్యమే అది, మంచికే అనుకుంది. కానీ పాలిచ్చే తల్లికి దాహమైనంతా నీళ్లివ్వాలి, మజ్జిగ, చారు, పాలు ఏవైనా సరే. పడక మీదే ఉంచకుండా నడిపించాలి. రక్తహీనత ఉంటే ఐరన్ మాత్రలు ఆపకూడదు.

ప్రశ్న (హైదరాబాద్, 38 ఏళ్లు): మా తాతయ్యకి, నాన్నకి ఇద్దరికీ పక్షవాతం వచ్చింది. నాకూ రాసిపెట్టి ఉన్నట్టేనా?

జవాబు: లేదు. వంశం కొంత ఉంటుంది, కానీ 32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అనే అధ్యయనం 2016లో తేల్చిందేమిటంటే, స్ట్రోకుల్లో దాదాపు 90 శాతానికి కారణాలు మనం మార్చుకోగలిగే పది విషయాలే. అందులో అన్నిటికంటే పెద్దది బీపీ. మిగతావి పొగ, షుగర్, కొలెస్ట్రాల్, పొట్ట చుట్టూ కొవ్వు, కదలిక లేకపోవడం, తిండి, మద్యం, మానసిక ఒత్తిడి, గుండెజబ్బులు.

మీరు ఒక్కటే చేయగలను అంటే బీపీ చూపించుకోండి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చూస్తారు. పై అంకె పది తగ్గినా స్ట్రోక్ అవకాశం నాలుగో వంతు తగ్గుతుంది, ఇంతకంటే చవకైన వైద్యం ఇంకోటి లేదు. అయినా మనవాళ్లు బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్ర ఆపేస్తారు, అది నార్మల్‌కి వచ్చిందే మాత్ర వల్ల! ఉప్పు రోజుకి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న టీస్పూను, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ మూడూ ఒకే కంచంలో ఉంటే ఆ భోజనంతోనే అందులో పెద్ద వాటా అయిపోతుంది. నాన్నగారికి ఏ వయసులో వచ్చింది, ఏ రకం వచ్చిందన్నది కూడా రాసి పెట్టుకోండి. రేపు మీరు ఏ చిన్న ఆపరేషన్‌కి చేరినా మత్తు డాక్టరుకి అది చెప్పాలి.

ప్రశ్న (మహబూబ్‌నగర్): పక్షవాతం వచ్చిన వెంటనే వేళ్ల చివర్లు సూదితో గుచ్చి రక్తం తీస్తే తగ్గుతుందని వాట్సాప్‌లో వచ్చింది. మా ఊళ్లో పావురం రక్తం రాస్తారు. ఆసుపత్రిలో లాభం లేదని తీసుకెళ్లిపోయి చేయించినవాళ్లూ ఉన్నారు.

జవాబు: రెండూ పనిచేయవు. సూది గుచ్చితే మెదడులో గడ్డ కరగదు, పావురం రక్తం చర్మం దాటి లోపలికే పోదు. కొందరికి తగ్గింది అంటారు, చిన్న స్ట్రోకులు కొన్ని వాటంతటవే కొంత తగ్గుతాయి, ఆ పేరు పావురానికి పోతుంది. మొదటి రోజుల్లో ఆసుపత్రిలోంచి తీసుకెళ్లిపోవడమంటే మళ్లీ స్ట్రోక్ రావడానికి, మింగలేక న్యుమోనియా రావడానికి ఎక్కువ అవకాశమున్న రోజుల్లో మనిషిని గాలికి వదిలేయడమే. డబ్బు భయంతో తీసుకెళ్తుంటే ఆ మాట దాచకుండా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ వాళ్లతో మాట్లాడండి, లేదా ప్రభుత్వ పెద్దాసుపత్రికి రాయించుకోండి. ఇంటి దగ్గర వస్తే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి, 24 గంటలూ సీటీ స్కాన్ ఉండే ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి.

ప్రశ్న (రాజమహేంద్రవరం): మా బాబాయికి రెండు నెలల క్రితం స్ట్రోక్ వచ్చి కోలుకుంటున్నారు. హెర్నియా ఉంది, ఈ నెలలోనే ఆపరేషన్ చేయించేద్దామా?

జవాబు: అత్యవసరం కాకపోతే ఇప్పుడొద్దు. స్ట్రోక్ వచ్చిన కొత్తలో ఏ ఆపరేషన్ చేసినా మళ్లీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. డెన్మార్క్‌లో లక్షల ఆపరేషన్ల రికార్డులు చూసి 2014లో ప్రచురించిన లెక్కల్లో ఆ ప్రమాదం నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ తొమ్మిది నెలల దగ్గర నిలకడగా మారింది. ఇప్పటి అమెరికన్ గుండె వైద్యుల సూచన కనీసం మూడు నెలలు ఆగమని, వాయిదా వేయగలిగినదైతే ఇంకా ఆగడమే మేలని నా అభిప్రాయం. ఈలోగా న్యూరాలజిస్టు ఇచ్చిన మాత్రలు హెర్నియా కోసమని ఆపకండి, దగ్గు, మలబద్ధకం లేకుండా చూసుకోండి, బరువులెత్తనివ్వకండి. ఉబ్బు లోపలికి వెళ్లకుండా గట్టిపడి, నొప్పితో వాంతులు మొదలైతే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు, అప్పుడు అదే అత్యవసరం, ఆ గంటలోనే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లి, రెండు నెలల క్రితం స్ట్రోక్ వచ్చిందనీ ఏ మాత్రలు వాడుతున్నారనీ గుమ్మంలోనే చెప్పండి.